కెనడా యూరప్‌లో కలిస్తే మన పీఆర్‌కి ఏమొస్తుంది?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది ఒడిశాలో గునుపూర్. నాకూ మా ఆవిడకీ కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చింది, దసరా వెళ్ళాక ప్రయాణం. త్వరలో కెనడా యూరోపియన్ యూనియన్‌లో చేరుతుందనీ, అప్పుడు పీఆర్ ఉన్నవాళ్ళు నేరుగా జర్మనీ వెళ్ళి ఉద్యోగం చేసుకోవచ్చనీ బరంపురంలో మా కన్సల్టెంటు అంటున్నాడు. జర్మన్ క్లాసులతో కలిపి లక్షన్నర ప్యాకేజీ. కట్టమంటారా?

కట్టకు తమ్ముడూ. లక్షన్నర జేబులోనే ఉంచుకుని మిగతాది చదువు.

ఆ మాట ఊరికే పుట్టలేదులే. 2025లో ట్రంప్ కెనడాని 51వ రాష్ట్రం అంటూ మాట్లాడుతుంటే ఇక్కడ కెనడాలో జనానికి ఒళ్ళు మండింది. ఆ వేడిలో జరిగిన ఒక సర్వేలో నూటికి 44 మంది యూరోపియన్ యూనియన్‌లో చేరే సంగతి చూడాలన్నారు. అయితే యూనియన్ ఒప్పందం 49వ అధికరణ ప్రకారం దరఖాస్తు పెట్టుకోవాలంటే అది యూరప్ దేశమై ఉండాలి. 1987లో మొరాకో పెట్టుకుంటే అదే కారణం చెప్పి వెనక్కి పంపారు. ఒడ్డున నిలబడితే స్పెయిన్ కనబడుతుంది మొరాకోకి, అయినా సరే! మ్యాపులో ఆసియా పక్కనున్న సైప్రస్‌ని మాత్రం 2004లో చేర్చుకున్నారు. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో యూరోలు చెల్లుతాయంటే అది ఫ్రాన్స్‌లో భాగం కాబట్టి. ఎవరిని యూరప్ అనాలో వాళ్ళిష్టం అన్నమాట. పైగా 27 దేశాలూ ఒప్పుకోవాలి. టర్కీ 1987లో అడిగింది, ఇంకా గుమ్మంలోనే ఉంది.

సరే, చేరిందే అనుకో. నీకేమొస్తుంది? యూనియన్‌లో ఎక్కడైనా పనిచేసుకునే హక్కు సభ్యదేశాల పౌరులది. నీ చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. కెనడా పీఆర్ ఉన్నా ఈరోజు పారిస్ చూసి రావాలంటే నువ్వు షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా ఇచ్చే వీసా) తీసుకోవాల్సిందే. అంతెందుకు, 2004లో చేరిన పోలండ్ పౌరులకే జర్మనీ 2011 దాకా ఉద్యోగాల తలుపు పూర్తిగా తీయలేదు.

పీఆర్ వేరు, పౌరసత్వం వేరు అని నేను వడ్డీ కట్టి నేర్చుకున్నాను. నేనొచ్చింది 2008 చివర్లో. అప్పట్లో మా బరంపురం కుర్రాళ్ళ నోట నాఫ్టా అనే మాట తెగ ఆడేది, అంటే అమెరికా, కెనడా, మెక్సికోల వ్యాపార ఒప్పందం. కెనడాలో దిగితే చాలు, అమెరికాలో పని చేసుకోవచ్చు, హెచ్1 లాటరీ గొడవ ఉండదు అని. నాకూ ఒకాయన అదే చెప్పి ఫీజు పుచ్చుకున్నాడు. నేనేమో తెలివైనవాణ్ణనుకుని టొరంటో వదిలేసి విండ్సర్‌లో గది తీసుకున్నాను. కిటికీలోంచి చూస్తే నది, అవతల డెట్రాయిట్. అద్దె చవకే, కానీ కార్ల కంపెనీలు కుప్పకూలుతున్న కాలం, ఊళ్ళో పని లేదు. గోదాములో రాత్రి షిఫ్టు దొరికింది.

అమ్మ నగలు తాకట్టు పెట్టి నాలుగు లక్షలు తెచ్చాను, నూటికి రెండు వడ్డీ. నెలకి ఎనిమిది వేలంటే అప్పటి లెక్కలో సుమారు 200 డాలర్లు. టీ తాగాలన్నా ఆ 200 గుర్తొచ్చేది. చివరికి డెట్రాయిట్‌లో ఒక కంపెనీవాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు, నచ్చానన్నారు, సిటిజనా అని అడిగారు. పీఆర్ అన్నాను. నాఫ్టా కింద అమెరికా ఇచ్చే పని వీసా కెనడాలో పౌరులకేనట, పీఆర్ వాళ్ళకి కాదట, అదీ వాళ్ళు చెబితేగానీ నాకు తెలియలేదు. మర్నాటి నుంచి టొరంటో ఉద్యోగాలకి దరఖాస్తులు మొదలుపెట్టాను. నగలు విడిపించేసరికి అసలుకి దగ్గరగా వడ్డీ కట్టాను. ఇప్పుడు మిసిసాగాలో సొంతిల్లుంది, ఎవరికీ పైసా బాకీ లేను. మీ తరానికి ఫోన్లో అన్నీ దొరుకుతాయి, అయినా కన్సల్టెంటు మాటే వేదం!

1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు మన తాతలు ఇల్లు కదలకుండానే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కటకం ఏలుబడిలోకి వెళ్ళారు. తాకట్టు కొట్లో వడ్డీ మాత్రం ఏమైనా తగ్గిందా? అదీ సంగతి. దేశాలు ఎవరితో కలిసినా నీ అప్పు నీదే.

కెనడా పౌరసత్వానికి ఐదేళ్ళలో 1095 రోజులు ఉండాలి, మిగతా నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకో. పౌరసత్వం తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి. ఆ తర్వాత మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డుతో ఊళ్ళో పొలం కొనడం కుదరదు, మీ నాన్నగారితో ముందే మాట్లాడు. దిగగానే మొదటి నెల, చివరి నెల అద్దె కలిపి అడుగుతారు, నీ లక్షన్నర అక్కడ కావాలి. జర్మనీయే నచ్చితే చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే బ్లూ కార్డుకి గునుపూర్ నుంచే ప్రయత్నించొచ్చు, కెనడా చుట్టి రానక్కర్లేదు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదు పట్టుకుని వెళ్ళి వెనక్కి అడుగు. ఒక్కడివే వెళ్ళకు, మీ మామగారిని తీసుకెళ్ళు.