పంటును వీడియో తీసే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులతో రాయునది.

నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య నువ్వు డ్రోన్‌తో తీసి పంపిన వీడియో రెండుసార్లు చూశాను. గోదావరి పాయ వశిష్ఠ అందంగానే వచ్చింది గాని, జనాన్ని రేవు దాటించే పంటు పక్కన డ్రోన్ ఒక్కసారిగా దూకి ఒక్కసారిగా ఆగడం వల్ల చూసేవారి కన్ను నీటి మీద నిలవడం లేదు. ఆ లోపం కెమెరాది కాదు, దాన్ని కుదుపు లేకుండా నిలిపే గింబల్‌ది అంతకన్నా కాదు; నీ వేళ్లది.

రిమోట్ మీది స్టిక్‌ను బొటనవేలితో తోయడం మాని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకో. డ్రోన్‌ను నెమ్మదిగా కదిలించే సినీ మోడ్‌లో పెట్టి, కావలసిన వేగం అందుకోవడానికి మూడు నాలుగు సెకన్లు తీసుకో; ఆపేటప్పుడు కూడా స్టిక్‌ను వదిలెయ్యకుండా అంతే నెమ్మదిగా వేళ్లతోనే మధ్యకు తీసుకురా. తెర మీద గీతలు పెట్టుకుని, పంటు ముక్కును ఎడమ గీత మీద నిలిపి, అది అక్కడినుంచి జరగకుండా పక్కగా నడిపితే చాలు. ఒక షాట్‌కు ఒకే కదలిక ఉండాలి. పైకి లేవడం, తిరగడం, కెమెరా వంచడం మూడూ కలిపి చేసే నేర్పు రావడానికి నాకే చాలా కాలం పట్టింది.

సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నప్పుడు షట్టర్ వేగం 1/50 సెకను దగ్గర ఉండాలి. ఎండలో అలా ఉంచితే బొమ్మ తెల్లబారుతుంది కనుక వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించు. అది లేకుండా షట్టర్ 1/1000కి పోతే, ఎంత మెత్తగా నడిపినా కొబ్బరి మట్టలు, అలలు తునకలు తునకలుగా అదిరినట్టు కనిపిస్తాయి.

ఇక గాలి సంగతి. మన వైపు పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పుంజుకుంటుంది కాబట్టి తెల్లవారుజామునే రేవుకు చేరుకో. మట్టల కొసలు మాత్రమే ఆడుతుంటే ఎగరెయ్యి. మట్టలన్నీ ఒకవైపుకు తిరిగిపోతుంటే పెట్టె తెరవకు. ముందుగా గాలికి ఎదురు పంపితే, బ్యాటరీ తగ్గాక ఆ గాలే వెనక్కి తీసుకొస్తుంది. పారే నీటికి మరీ దగ్గరగా దించకు, కింది సెన్సార్లు అక్కడ మోసపోతాయి. రిటర్న్ బటన్ నొక్కితే డ్రోన్ తనంతట తాను తిరిగివచ్చే ఎత్తును కొబ్బరిచెట్లనూ కరెంటు తీగలనూ దాటేలా 60 మీటర్లకు పెట్టు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 120 మీటర్లు దాటకూడదని గుర్తుంచుకో.

పంటు మీదనుంచి మాత్రం ఎప్పుడూ ఎగరెయ్యకు. ఒకసారి నేను అలాగే ఎగరేసి, బ్యాటరీ తగ్గగానే రిటర్న్ బటన్ నొక్కితే, అది బయలుదేరిన చోటికే, అంటే ఏటి నడుమకే వచ్చి దిగసాగింది. పంటు అప్పటికే అవతలి రేవు చేరింది. రిటర్న్ రద్దు చేసి, చేత్తో నడిపి గట్టెక్కించేసరికి బ్యాటరీ ఏడు శాతం మిగిలింది. నువ్వు గట్టు మీదనే చదునైన చోటు చూసుకుని, ఉపగ్రహాల సంకేతాలు అంది, హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగివచ్చి దిగే చోటు) నమోదైందని తెర మీద కనిపించాకే పైకి లేపు.