చెరువు గట్టున తుంగ నాటాలా, రాయి పరవాలా?

"ఊరి చెరువు ఒడ్డున నీటిమొక్కలు నాటుదామంటే పాములొస్తాయని, చేపలు పోతాయని సగం ఊరు అడ్డుపడుతోంది. ఏం చెయ్యాలి?" అని అడిగారు.

నాటండి. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. మా రామాలయం అరుగు మీదా ఇదే తగువు. చిలికా వైపు ఉద్యోగం చేసొచ్చిన ఒకాయన లేచి "అక్కడ గడ్డి కమ్మేసే చేపలు పోయాయి" అనేసరికి అందరూ అటే ఒరిగారు. ఆయన చెప్పింది సగం మాటే. చిలికా ఉప్పునీరు కలిసే సరస్సు. సరస్సు సముద్రంలో కలిసే మొగ ఇసకతో పూడి, ఉప్పు తగ్గబట్టి గడ్డి పెరిగింది. 1993లో చిలికా ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికకి ఎక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాక గడ్డి తగ్గింది, చేపలు పెరిగాయి, 2002లో పట్టికలోంచి తీసేశారు. వానకి నిండే మంచినీటి చెరువుకి ఆ లెక్క ఎలా కుదురుతుంది?

అప్పుడు వల మీద బతికే మా అప్ప ఒకావిడ లేచింది. "తిత్లీ రోజు ఏ గట్టు తెగిందో సూసినోలు సెప్పండి బాబూ" అంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపానుకి కొండల నీళ్ళన్నీ మా మీదే దూకాయి. కంట్రాక్టరు రాయి పరిచిన పడమటి గట్టు కింద మట్టి జారిపోయి, రాళ్ళు దొర్లి వరి మళ్ళలో పడ్డాయి. తుంగ, వట్టివేరు అల్లుకున్న మూల మాత్రం అలాగే నిలబడింది. కొర్రమీను పిల్లల్ని కాసుకునేదీ ఆ మూలే. "గడ్డి పీకేస్తే నా వల్లోకి ఏటొస్తాది?" అనడిగింది. ఎవరూ నోరెత్తలేదు.

పాముల భయం నిజమే. అందుకే స్నానాల రేవు, చాకిరేవు బండ, పశువులు దిగే బాట వదిలేసి మిగతా ఒడ్డంతా నాటమనండి. దోమలకి గడ్డిని తిట్టడం అన్యాయం. అవి మన వీధి కాలువల్లోనూ పుడతాయి. చేపపిల్లలు తిరిగే నీట్లో దోమపిల్లలు చాలావరకు వాటికి మేతైపోతాయి.

పట్టణాల్లో చెరువు చుట్టూ సిమెంటు బాట, రంగు దీపాలు, సెల్ఫీ బోర్డు పెట్టి అభివృద్ధి అంటున్నారు. ఇక నీటికోడి గూడెక్కడ పెట్టుకోవాలి? నిమజ్జనాలయ్యాక తేలే రంగులు, థర్మాకోలు గురించి ఒక్కరూ సభ పెట్టరు!

పూలు బాగున్నాయని గుర్రపుడెక్క మాత్రం రానివ్వకండి. చిన్న చెరువైతే జమ్ము కూడా వద్దు, నడిమి దాకా పాకుతుంది. దగ్గర చెరువులోంచి తుంగ దుబ్బులు తెచ్చి, తొలకరిలో నీరు పెరగకముందే నాటండి. మొదటి ఏడు మేకలు తినకుండా ముళ్ళకంప కట్టాలి. ఆ పని ఎవరు చూస్తారో సభలోనే పేరు పెట్టి ఒప్పించండి.