డబ్బా పట్టుకొని తిరగకు, అల్లుడూ

చిరంజీవి రాజుకు మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ ఉద్యోగం పోయిందని, ఈఎస్ఐలో, అదే కార్మికుల బీమాలో, నిరుద్యోగ భృతికి పెట్టుకుంటానన్నావని చెప్పింది. "మొదటి రోజే చెప్పిండు అన్నా, దాచలే" అంది. తర్వాత నాకు నిద్ర పట్టలేదు. జీడిమెట్లలో మూడేళ్ళు నైట్ షిఫ్టులు చేసినోడివి, ఇప్పుడు పరకాలలో ఇంట్లో కూర్చొని ఏం ఆగమవుతున్నావో అని టెన్షన్. అయినా లోపల సంతోషం కూడా ఉంది. ఆ మొదటి రోజు మాట నా నోటి నుంచి రావడానికి మూడు నెలలు పట్టింది.

ముందు నీ పని సంగతి. ఉద్యోగం పోయి 30 రోజులు దాటాక ఆ భృతికి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే ఈఎస్ఐ పథకం కింద క్లెయిం పెట్టొచ్చు. ఇది 2018 జూలైలో వచ్చింది. దీన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ఇప్పుడు అమల్లో ఉందో లేదో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడిగి మొదలుపెట్టు. రెండేళ్ళు ఈఎస్ఐ కింద పని చేసి ఉండాలి. చివరి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు, దాని ముందు మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు చందా పడి ఉండాలి. ఆధార్‌లో, బ్యాంకులో, ఈఎస్ఐలో నీ పేరు ఒకేలా ఉందా చూసుకో. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించు.

రోజు కూలిలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు. నీ జీతం 18,000 అన్నావు కదా, అంటే రోజుకు 600, అందులో సగం 300. మొత్తం 27,000. జీవితంలో ఒక్కసారే ఇస్తారు, అది గుర్తుపెట్టుకో. దీన్ని దానం అనుకొని తల దించుకోకు. నీ జీతంలో నూటికి ముప్పావలా లెక్కన నెలనెలా 135 రూపాయలు కోసుకున్నదే ఇది.

కంపెనీవాళ్ళు "రాజీనామా రాసివ్వు, లెక్క తొందరగా తేలుస్తాం" అంటే రాసివ్వకు. తీసేసినట్టు కాగితం అడుగు. తెల్ల కాగితం మీద సంతకం అంటే లేచి వచ్చేయ్. ఆఫీసు బయట కూర్చొని ఓటీపీ చెప్పమనే ఏజెంట్ల దగ్గరికి పోకు. నీకు ఫోన్ నొక్కడం నాకంటే బాగా వచ్చు కదరా.

ఇక నా సంగతి. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

1999లో నేను ఇక్కడే వరంగల్‌లో ఒక సంచుల ఫ్యాక్టరీలో తూకం దగ్గర ఉండేవాణ్ణి. ఒకరోజు షిఫ్టు దిగుతుంటే "రేపటి నుంచి రావద్దు, పిలిస్తే రండి" అన్నారు, పదకొండు మందిమి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను, అన్నం తిన్నాను, మీ అత్తకు చెప్పలేదు. తెల్లారి ఆమె ఎప్పటిలాగే పొద్దుగాలే లేచి అన్నం డబ్బా కట్టింది. నేనూ ఎప్పటిలాగే సైకిలెక్కాను.

ఎక్కడికి పోవాలి? భద్రకాళి చెరువు కట్టకు పోయాను. ఇప్పుడున్న పార్కు, లైట్లు అప్పుడు లేవు. తుమ్మచెట్టు కింద కూర్చునేవాణ్ణి. ఎవరైనా తెలిసినవాళ్ళు కనిపిస్తే కాజీపేట స్టేషన్‌కు పోయి బెంచీ మీద కూర్చొని బండ్లు లెక్కపెట్టేవాణ్ణి. ఫ్యాక్టరీలో భోజనం బెల్లు ఒంటిగంటకు కొట్టేవాళ్ళు. కట్ట మీద కూడా ఒంటిగంటకే డబ్బా విప్పేవాణ్ణి. ఎవరికోసమో నాకే తెలియదు. ఒకటో తారీఖు వచ్చింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి 1,500 తెచ్చి, జీతం అని మీ అత్త చేతిలో పెట్టాను. అట్లా మూడు నెలలు.

ఒక శుక్రవారం మీ అమ్మ గుడికి వచ్చి నన్ను చూసింది. నువ్వు అప్పుడు చంకలో ఉన్నావు. ఏమీ అడగలేదు. పక్కన కూర్చొని, డబ్బా విప్పి, నాకు ముద్ద పెట్టి, నీకూ ఇంత పప్పు నాకించింది. లేచేటప్పుడు మాత్రం "ఇయ్యాల వదినెకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది.

ఆ రాత్రి చెప్పాను. మీ అత్త నేను అబద్ధం చెప్పినందుకు ఏడవలేదు, మూడు నెలలు ఎండలో కూర్చున్నందుకు ఏడ్చింది. తెల్లారి ఇద్దరం ఫ్యాక్టరీకి పోతే గేటుకు తాళం, బోర్డు కూడా లేదు. మిగతా పదిమంది మొదటి వారంలోనే పోయి పీఎఫ్ ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నారట. నా ఫారం మీద సంతకం పెట్టే యజమాని ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మూతపడ్డ కంపెనీ అయితే బ్యాంకు మేనేజరు సంతకం చాలని తెలిసేసరికే ఏడాది గడిచింది. డబ్బు చేతికి రావడానికి రెండేళ్ళు. వచ్చింది 6,800. అప్పు 4,500కు వడ్డీ నెలకు 135, రెండేళ్ళకు 3,240. పీఎఫ్ మొత్తం అక్కడే ధారపోసి ఇంకో తొమ్మిది వందల చిల్లర ఇచ్చుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడే తట్టింది, నీ ఈఎస్ఐ కోత కూడా అదే 135. చూడు ఎట్లా కలిసిందో.

ఇప్పుడు నీకు ఆ సంతకాల బాధ లేదు. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఉద్యోగం వదిలిన తేదీని పీఎఫ్ పోర్టల్‌లో నువ్వే వేసుకోవచ్చు. పీఎఫ్ మాత్రం అంతా లాగేయకు. అయిదేళ్ళు నిండకుండా 50,000 పైన తీస్తే పన్ను కూడా కోస్తారు. ఫోన్ కొనడానికని తీస్తే నేనే వచ్చి తంతాను.

అప్పు అవసరమైతే బయట అడగకు, నన్నడుగు. నా దగ్గర వడ్డీ లేదు. రోజూ పొద్దున ఎక్కడికి పోతున్నావో మీ అమ్మకు చెప్పి పో. ఊరికే తిరగడానికైనా సరే, తిరగడానికి పోతున్నానని చెప్పు.

బ్రాంచి ఆఫీసుకు ఒక్కడివే పోకు. 30 రోజులు నిండగానే కబురు చెయ్యి, నేనొస్తాను. వరుసలో ఎంతసేపు నిలబడాలో తెలియదు కాబట్టి మీ అత్త డబ్బా కడతానంటోంది. నీకు పప్పు వద్దంటే ముందే చెప్పు.

ఇట్లు,
మీ మామ
కరీమాబాద్, వరంగల్