మా పొలం 22-ఏ జాబితాలో పడ్డాక నాయకుల్ని చూసే తీరు మారింది

"ప్రభుత్వం హద్దు దాటి మన జీవితాల్లోకి వస్తోందని మీకు ఎప్పుడైనా అనిపించిందా? ఏ నాయకుణ్నీ నమ్మని స్థితికి ఎలా వచ్చారు?" అన్నది ప్రశ్న.

నేను ఏ పార్టీ మనిషినీ కాదు. ఓటు మాత్రం ఒక్కసారీ మానలేదు. రాజకీయం మురికి, మనకెందుకు అని పక్కకి తప్పుకునేవాళ్లతోనూ నాకు పొసగదు. నా అనుమానం ఒక్క విషయం మీదే: మనకి హక్కుగా ఉన్నదాన్ని ముందు ఆపేసి, తరవాత అదే మనకి మేలుగా చేసిపెట్టే పద్ధతి మీద. మన దగ్గర నాయకత్వం చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తోందని నా నమ్మకం. అది నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లె. నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా తాత కొన్న కొంచెం మెట్ట నాన్న పేరున ఉంది. అందులో సగం చెల్లెలికి గిఫ్ట్ డీడ్ రాయాలని నాన్న ఎప్పటినుంచో అనుకుంటున్నారు. డాక్యుమెంట్ రైటర్ దస్తావేజు తయారు చేశాడు, సాక్షులు వచ్చారు, అందరం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాం. కంప్యూటర్ ముందున్న అబ్బాయి సర్వే నంబరు కొట్టి, "ఇది నిషేధిత జాబితాలో ఉందండీ, రిజిస్ట్రేషన్ అవదు" అన్నాడు. నాన్న వెంటనే అడిగింది ఒక్కటే: "ఎవరు పెట్టారు బాబూ?"

ఆ మాటకి ఆ ఆఫీసులో ఎవరి దగ్గరా జవాబు లేదు. తహసీల్దార్ ఆఫీసులో అడగమన్నారు. అక్కడ అడిగితే లిస్టు జిల్లా నుంచి వచ్చిందన్నారు. జిల్లా ఆఫీసులో అడిగితే మండలం నుంచి పంపిందే మేం పెట్టాం అన్నారు. ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎవరు సంతకం చేశారు అన్నది ఎవరూ చెప్పలేదు. మాకు నోటీసు ఎప్పుడూ రాలేదు. శిస్తు కట్టిన రసీదులు, సాగు వివరాలుండే అడంగల్, భూమి ఎవరిదో చెప్పే 1బి, పాత లావాదేవీలు చూపించే ఈసీ అన్నీ నాన్న చేతి సంచిలోనే ఉన్నాయి. ఆ కాగితాలన్నీ ఇచ్చింది ప్రభుత్వమే. ఇప్పుడు ఆ భూమి మాదేనని అదే ప్రభుత్వానికి మేం రుజువు చేయాలి.

ఈ 22-ఏ గురించి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం చేర్చుకున్న సెక్షన్ ఇది. ఇప్పుడున్న రూపంలో 2007 నాటి సవరణతో వచ్చింది. ప్రభుత్వ భూములు, పేదలకి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, భూపరిమితి చట్టం కింద తేలిన సీలింగ్ మిగులు భూములు ఎవరో ఒకరు అమ్ముకుపోకుండా ఆ సర్వే నంబర్ల జాబితా తయారుచేసి రిజిస్ట్రేషన్ ఆఫీసులకి పంపుతారు. ఉద్దేశం మంచిదే, నేనూ కాదనను. గుడి మాన్యాలు, పేదలకి ఇచ్చిన పట్టాలు ఎలా చేతులు మారాయో చూసినవాణ్ని. ఇందులో చాలా రకాల భూములకి గెజిట్ నోటిఫికేషన్ కూడా అక్కర్లేదు. అధికారి జాబితా పంపితే చాలు. 2015 డిసెంబరు 23న ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ ఈ సెక్షన్ మీద పెద్ద తీర్పే ఇచ్చింది. ఏ క్లాజు కింద ఏం చేయాలో, ఎవరికి అర్జీ పెట్టుకోవాలో అందులో ఉంది. అయినా కౌంటర్ దగ్గర నిలబడ్డ రైతుకి తన నంబరు ఏ క్లాజు కింద ఉందో కూడా చెప్పేవాళ్లు ఉండరు.

చివరికి నేను సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. వచ్చిన జిరాక్సు ఇప్పటికీ దాచుకున్నాను. మండలం నుంచి జిల్లాకి వెళ్లిన ఒక పట్టిక అది. వరసగా సర్వే నంబర్లు, ఎదురుగా విస్తీర్ణం, ఆ పక్కన "సబ్ డివిజన్" అని ఒక గడి. మా నంబరు దగ్గర ఆ గడిలో చిన్న గీత గీసి ఉంది. అంతే. అసలు సంగతేమిటంటే మా సర్వే నంబరులో ఒక సబ్ డివిజన్, అంటే ఒక ముక్క, బాట పోరంబోకు, ప్రభుత్వానిది. పాత భూమి రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో, పొలం కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో స్పష్టంగా ఉంది, ఆ బాట మీద ఇవాళ్టికీ బళ్లు తిరుగుతున్నాయి. ఆ ముక్క నంబరు రాయాల్సిన చోట గీత పెట్టడంతో మొత్తం నంబరు, అందులో ఉన్న రైతులందరూ, నిషేధిత జాబితాలోకి వెళ్లిపోయారు. ఇది మా ఊళ్లో మాత్రమే జరిగిన విషయం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రెవెన్యూ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లని అడగండి, ఇలాంటి కథ ఏదో ఒకటి చెబుతారు.

అధికారుల తప్పుకీ నాయకులకీ ఏం సంబంధం అని అడగొచ్చు. సంబంధం ఉంది. అర్జీల మీద అర్జీలు పెట్టి విసిగిపోయిన నాన్న ఊళ్లోవాళ్ల మాట విని ఎమ్మెల్యే ఆఫీసుకి వెళ్లారు. అక్కడి మనిషి కాగితాలు విప్పి కూడా చూడలేదు. "మీరు మనవాళ్లేనా? అన్నకి చెబుతాలే పెద్దాయనా, అయిపోతుంది" అన్నాడు. నాన్న సంతోషంగా ఇంటికొచ్చారు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా తాత కొన్న భూమి మీద మాకున్న హక్కు, మేం ఎవరి మనుషులమన్న ప్రశ్నకి చెప్పే జవాబు మీద ఆధారపడాలా? ఆ లిస్టు సరిగ్గా ఉండి ఉంటే నాన్నకి ఆ గడప తొక్కే పనే లేదు. లిస్టు తప్పుగా ఉండబట్టే ఆ గడపకి అంత విలువ. ఇలాంటి అధికారాన్ని తగ్గించుకోవాలని ఏ పార్టీకీ అనిపించకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నాకు అర్థమైంది.

మాది తేలింది, ఎమ్మెల్యే వల్ల కాదు. ఆ జిరాక్సు, ఆర్‌ఎస్‌ఆర్ కాపీ జతచేసి లాయరు చేత నోటీసు పంపిస్తే మా సబ్ డివిజన్‌ని జాబితా నుంచి తీసేశారు. చెల్లెలి పేరున రిజిస్ట్రేషన్ అయింది. మా పక్క చెక్క రైతుది ఇంకా అవలేదు. ఆయన దగ్గర పాత అడంగళ్లు లేవు, లాయరుకి ఇవ్వడానికి డబ్బూ లేదు.

అప్పటినుంచి నేను ఏ వార్త చదివినా ఒకటే చూస్తాను. ఈ పార్టీ ప్రతిపక్షంలో ఉండగా ఏ అధికారాన్ని తప్పన్నది, గద్దె ఎక్కాక దాన్ని వదులుకుందా లేదా?

హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ సంగతే తీసుకోండి. తెలంగాణ ఉద్యమ కాలంలో అక్కడ ఎన్ని దీక్షలు జరిగాయో లెక్కలేదు. ఆ ఉద్యమంలోంచి వచ్చిన ప్రభుత్వమే 2017లో అక్కడ ధర్నాలు వద్దని మూసేసింది, ఊరి బయటికి పొమ్మంది. హైకోర్టు జోక్యం చేసుకున్నాకే మళ్లీ తెరుచుకుంది. 2021 నవంబరు 18న ధాన్యం కొనుగోళ్ల మీద కేంద్రాన్ని నిలదీయడానికి ముఖ్యమంత్రి హోదాలో కేసీఆర్ అదే చోట కూర్చున్నారు. ఆయన డిమాండు సరైనదా కాదా అన్నది వేరే చర్చ. గొంతు ఎత్తడానికి నలుగురు కూర్చునే చోటు కావాలని అధికారంలో ఉన్నవాళ్లకి కూడా ఒకరోజు తెలిసొస్తుంది. ఆ చోటుని మూసేటప్పుడు ఆ సంగతి గుర్తుండాలి.

ఆంధ్రలోనూ అంతే. 2022 డిసెంబరు చివర కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి జనం చనిపోయారు. బాధాకరం, నిబంధనలు కావాల్సిందే. కానీ 2023 జనవరి 2న అప్పటి వైసీపీ ప్రభుత్వం తెచ్చిన జీవో నంబర్ 1 జాతీయ రహదారి నుంచి పంచాయతీ రోడ్డు దాకా సభలూ ర్యాలీలూ ఆపేసేలా ఉంది. అదే ఏడాది మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంతకుముందు 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టడమే మానేశారు. 2024 ఆగస్టులో తరవాతి ప్రభుత్వం మళ్లీ మొదలుపెట్టింది, మంచిదే. మూడేళ్లపాటు మన పేరున, మన డబ్బుతో జరిగిన నిర్ణయాలు మనం చదవలేకపోయాం. పంచాయతీ ఆఫీసులకి పార్టీ రంగులు వేసి, తీయించడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. రీసర్వే తరవాత ఇచ్చిన పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో ఉండేది. రైతు కష్టపడి కొనుక్కున్న పొలం కాగితం మీద నాయకుడి ముఖం ఎందుకు? అది ఆయన ఇచ్చిన భూమి అనిపించడానికి కాకపోతే? ఇప్పుడు రాజముద్రతో ఇస్తున్నారు. రాజముద్రే ఉండాలి.

ఒక్క పార్టీనే అంటున్నానని అనుకోకండి. ఆంధ్రలో 2014 తరవాత 23 మంది ప్రతిపక్ష ఎమ్మెల్యేలని తీసుకుని, వాళ్లలో నలుగురికి మంత్రి పదవులు కూడా ఇచ్చింది అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం. తెలంగాణలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో కలిసిపోయారు. తరవాత అదే కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక బీఆర్‌ఎస్ నుంచి వెళ్లిన పదిమంది మీద అనర్హత పిటిషన్లు మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది. ఢిల్లీకి వెళ్తే, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాశారని కేసు పెట్టే ఐటీ చట్టంలోని 66-ఏ సెక్షన్ సంగతి ఉంది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. లేని సెక్షన్ కింద పోలీసులు ఆ తరవాత కూడా ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే ఉన్నారు. 2022లో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"గట్టి నాయకుడు ఉంటేనే పనులవుతాయి, ఇన్ని అడ్డంకులు పెడితే ఎలా" అని నా స్నేహితులు వాదిస్తారు. నోట్ల రద్దు, లాక్‌డౌన్ రెండూ రాత్రి ఎనిమిదికి చెప్పి అర్ధరాత్రి నుంచి అమలు చేశారు. మహమ్మారి వస్తే ప్రభుత్వానికి అసాధారణ అధికారం అవసరమని నేనూ ఒప్పుకుంటాను. కానీ నాలుగు గంటల్లో ఏ కూలీ ఊరు చేరగలడు? అడిగేవాళ్లు ఎవరూ గదిలో లేకపోతే ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు. నిర్ణయం తీసుకునేవాడు మంచివాడా చెడ్డవాడా అన్నదానికంటే, తప్పు జరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో మనకి తెలుసా అన్నది నాకు ముఖ్యం. మా నాన్నకి తెలియలేదు.

మరి ఏ నాయకుణ్నీ నమ్మవా అంటే, చేతిలో ఉన్న అధికారాన్ని తగ్గించుకున్న సందర్భాలు మన చరిత్రలో కొన్ని ఉన్నాయి. వాటిని గౌరవిస్తాను. ఎమర్జెన్సీ తరవాత 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన 44వ సవరణ "అంతర్గత కల్లోలం" అన్న సాకుని తీసేసి "సాయుధ తిరుగుబాటు" ఉంటేనే ఆ కారణంతో ఎమర్జెన్సీ అంది. 20, 21 అధికరణల కింద ఉన్న హక్కుల్ని (నేరారోపణల్లో రక్షణ, ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) ఎమర్జెన్సీలో కూడా ఆపలేకుండా చేసింది. అధికారంలో ఉండి అది చేయడం చిన్న విషయం కాదు. అదే సవరణ ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసి, మామూలు చట్టబద్ధ హక్కుగా 300-ఏ అధికరణలోకి పంపింది, అది మా పొలం విషయంలో నాకు బాగా తెలిసొచ్చింది. 2024 మే 16న సుప్రీంకోర్టు ఆ 300-ఏ కిందే నోటీసు ఇవ్వడం, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం చెప్పడం లాంటివి పౌరుడి హక్కులని తేల్చింది. అది భూసేకరణ కేసు. 22-ఏలో కూడా అదే జరగాలని అడగడానికి అంతకంటే బలమైన ఆధారం ఏముంది? 2005 సమాచార హక్కు చట్టం కూడా అలాంటిదే. అది లేకపోతే ఆ గీత ఉన్న పట్టిక నా చేతికి వచ్చేది కాదు.

మీకూ ఇలాంటిది జరిగితే ముందు నోటిమాట ఆపేసి కాగితం మీద అడగండి. ఏ సెక్షన్, ఏ క్లాజు, ఏ తేదీ, ఎవరి సంతకం, ఏ రికార్డు ఆధారంగా అన్నవి అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో సమాచార హక్కు కింద ఊరి స్థాయి ఆఫీసుకి దరఖాస్తు రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అదీ కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కి రెండోది. రసీదు లేకుండా ఏ అర్జీ ఇవ్వకండి. పాత ఆర్‌ఎస్‌ఆర్ కాపీ ఎలాగైనా సంపాదించండి, మా విషయంలో గెలిపించింది అదే.

ఈసారి మా ఊరికి ఓటు అడగడానికి ఎవరొచ్చినా నేను అడగబోయేది ఒక్కటే. ఒక సర్వే నంబరుని నిషేధిత జాబితాలో చేర్చేముందు ఆ పట్టాదారుకి నోటీసు ఇవ్వాలని, తప్పుగా చేర్చిన అధికారి పేరు రాతపూర్వకంగా చెప్పాలని చట్టంలో రాస్తారా? మా పక్క రైతు పొలం విడిపిస్తామని మాట ఇస్తే నాకు చాలదు. అది ఆయన హక్కు, ఎవరూ ఆయనకి చేసిపెట్టే సాయం కాదు. మీ మీ ఊళ్లలో కూడా ఇదే అడగండి, జవాబు ఏం వచ్చిందో కింద రాయండి.