రంగు చూసి గోధుమ బ్రెడ్ అనుకోకండి

అమెరికాలో గ్రోసరీకి వెళ్తే కిస్‌మిస్, దాల్చినచెక్క వేసిన గోధుమ బ్రెడ్ కనిపిస్తుంది. పొద్దున్నే దోసెలు పోసుకునే తీరిక లేనివాళ్లకు మంచి టిఫినే, తప్పకుండా తిని చూడండి. కానీ బుట్టలో వేసే ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి.

"వీట్ బ్రెడ్" అంటే మనం చపాతీకి వాడే పిండి అని అర్థం కాదు. మైదా కూడా గోధుమల నుంచి వచ్చేదే కదా! ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో వాడినవన్నీ బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మొదటి పేరు "ఎన్‌రిచ్డ్ వీట్ ఫ్లోర్" అయితే అది మైదా బ్రెడ్డే. ముదురు రంగు మొలాసిస్ (చెరకు మడ్డి) వల్ల వచ్చి ఉండొచ్చు. "హోల్ వీట్ బ్రెడ్" అన్న పేరుతో అమ్మాలంటే మాత్రం ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ సంస్థ) నియమం ప్రకారం మైదా కలపకూడదు. "హనీ వీట్", "మల్టీగ్రెయిన్" లాంటి పేర్లకు ఆ కట్టుబాటు లేదు. "రైజిన్ బ్రెడ్"కీ ఒక లెక్కుంది: 100 పాళ్ల పిండికి కనీసం 50 పాళ్ల ఎండుద్రాక్ష పడాలి.

చక్కెర దగ్గర చాలామంది కంగారుపడతారు. "టోటల్ షుగర్స్"లో ద్రాక్షలో ఉండే తీపి కూడా కలిసే ఉంటుంది. విడిగా వేసిన చక్కెర ఎంతో దాని కిందే "యాడెడ్ షుగర్స్" అని ఉంటుంది, అది చూడండి. ఆ అంకెలు ఒక స్లైసుకా రెండు స్లైసులకా అన్నదీ గమనించండి. షుగర్ ఉన్న అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం మొత్తం కార్బోహైడ్రేట్లు చూసే పెట్టాలి; వాళ్లకు ద్రాక్ష తీపి కూడా లెక్కే.

గుడ్డు తినని ఇళ్లవాళ్లు "కంటెయిన్స్" అన్న వరుస చదవాలి. గుడ్డు, పాలు ఉంటే అక్కడో పదార్థాల జాబితాలోనో తెలుస్తుంది. బ్రెడ్ మెత్తగా ఉండటానికి వేసే మోనో, డైగ్లిజరైడ్స్ అనే కొవ్వులు మొక్కల నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. పట్టింపు ఉంటే "వీగన్" (జంతువుల నుంచి వచ్చినవేవీ లేనిది) అని రాసినదే కొనుక్కోండి.

ఇద్దరే ఉండే ఇంట్లో పెద్ద లోఫ్ త్వరగా అవ్వదు. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యమవుతుంది గానీ, పిండిపదార్థం బిగుసుకుని బ్రెడ్ తొందరగా గట్టిపడుతుంది. తెచ్చిన రోజే సగం జిప్‌లాక్ కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఒక్క స్లైసుకు బూజు కనిపించినా లోఫ్ మొత్తం పారేయాలి. పైకి కనిపించకపోయినా మెత్తటి బ్రెడ్‌లో అది లోపలికి పాకుతుంది.

ఇక టోస్టర్. మామూలు బ్రెడ్‌కు పెట్టే వేడి దీనికి పెట్టకండి. స్లైసు పైకి పొడుచుకొచ్చిన కిస్‌మిస్‌లు ముందు ఉబ్బుతాయి, తర్వాత నల్లగా మాడతాయి. ఆ పొగకే అపార్ట్‌మెంట్‌లో స్మోక్ అలారం మోగుతుంది. తక్కువ వేడి మీద ఒకసారి పెట్టి, చాలకపోతే మళ్లీ నొక్కండి. ఫ్రీజర్‌లోంచి తీసింది నేరుగా పెట్టొచ్చు. కిస్‌మిస్ తీగకు అతుక్కుంటే ప్లగ్ తీసి, చల్లారాక చెక్కపుల్లతో లాగండి. ఫోర్క్ మాత్రం దూర్చకండి. కింద ఉండే తుక్కు ట్రే వారానికోసారి దులపండి.

దీంతో బ్రెడ్ ఉప్మా కుదరదు, దాల్చినచెక్క తీపి పోపును మింగేస్తుంది. వెన్నో, వేరుశనగ బటరో రాసుకుంటే బాగుంటుంది. మిగిలితే డబుల్ కా మీఠా చేసుకోవచ్చు. నూనెలో వేయిస్తే కిస్‌మిస్ మాడి చేదెక్కుతుంది కాబట్టి పెనం మీద నెయ్యి వేసి సన్నసెగన కాల్చండి, పాకంలో చక్కెర కొంచెం తగ్గించండి.