కేసీ కెనాల్ మీద ప్రాజెక్ట్ రాసేటప్పుడు నాకు తెలిసొచ్చింది

ఎంఏ ప్రాజెక్ట్ మూడుసార్లు ఇచ్చినా సార్ వెనక్కిచ్చినాడు, రీసెర్చ్ ఎట్ల చేయాల, రాసింది ఎట్ల దిద్దుకోవాల అని కదా నువ్వు అడిగింది. నాదీ కర్నూలే తమ్ముడూ, హిస్టరీ ఎంఏ, నాకూ అట్లనే అయింది కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తా.

నా టాపిక్ కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ. చిన్నప్పటి నుంచి చూసిన కాలువే కదా అని నెట్‌లో నాలుగు పేజీలు తిరగేసి, బ్రిటిష్ ప్రభుత్వం రైతుల కోసం తవ్వించిన కాలువ అని మొదటి లైన్ రాసేసినా. మా గైడ్ సార్ ఆ లైన్ కింద గీత గీసి ఒకటే మాట అడిగినాడు, ఇది యాడ చూసినావు అని. నా దగ్గర జవాబు లేదు. ఆ పొద్దు చాలా బాధపడినా.

తర్వాత నంద్యాల పక్క మా పెద్దనాయన దగ్గరికి పోతే, కాలువలో పడవలు తిరిగేవని వాళ్ల జేజి చెప్పేదని అన్నాడు. నీళ్ల కాలువలో పడవలేంది అని నాకు అనుమానం వచ్చి, 1886లో అచ్చయిన కర్నూలు జిల్లా మాన్యువల్, అంటే జిల్లా వివరాలు రాసిన పాత పుస్తకం, పట్టుకుని కూర్చున్నా. అప్పుడు తెలిసింది, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి ఆ కాలువ తవ్వించింది ప్రభుత్వం కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని లండన్ కంపెనీ, సాగుకూ పడవలకూ రెండిటికీ అని తవ్వినారు, మొదట్లో వాళ్లు అనుకున్నంతగా రైతులు నీళ్లు తీసుకోలేదు, చివరికి 1882లో ప్రభుత్వం కొనేసింది. నేను రాసిన మొదటి లైనే తప్పు. దాంతో నా పేపర్ దారే మారిపోయింది, కాలువ గొప్పతనం పక్కనపెట్టి, రైతులు ఆ నీళ్లు ఎందుకు తీసుకోలేదు అనేదే ప్రశ్నగా పెట్టుకున్నా. నీకు కూడా ముందు కావాల్సింది అట్లాంటి ప్రశ్న ఒకటి, అది లేకుండా ఎన్ని పుస్తకాలు చదివినా సంచిలో వేసుకున్నట్టే.

అప్పట్నుంచి నోట్‌బుక్‌లో ఎడమ పక్క పుస్తకంలో ఉన్న మాట, పేజీ నంబర్, కుడి పక్క నా ఆలోచన రాసుకునేవాణ్ని. రెండూ కలిపితే నెల తర్వాత ఏది ఎవరిదో నీకే తెలీదు, కాపీ కొట్టినావని మాట పడేది కూడా అక్కడే.

దిద్దేదానికి వస్తే, రాసిన వెంటనే దిద్దొద్దు. నాలుగు రోజులు వదిలేసి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీసుకుని, ప్రతి పేరా పక్కన అది ఏం చెప్తాందో పెన్సిల్‌తో ఒక్క లైన్ రాయి. రాయలేకపోతే ఆ పేరాతో పని లేదు, కొట్టేయ్. నాకు ఇరవై రెండు పేజీలు పదిహేనైనాయి, పోయిన వాటిలో నాకు బాగా ఇష్టమైన పేరాలు కూడా ఉన్నాయి, ఐనా తీసేసినా. ఆమేన మా చెల్లెలికి గట్టిగా చదివి వినిపించినా, ఆయమ్మిది బీకాం, హిస్టరీ తెలీదు, యాడ ఆపి ఏంది అని అడిగితే ఆడ తిరగరాసినా. అన్నీ అయినాక ఇంకోసారి పేర్లు, సంవత్సరాలు మాత్రమే చూడు, వాక్యాలతో పాటు చూస్తే తప్పులు జారిపోతాయి.

వైవాలో బయట నుంచి వచ్చిన మేడమ్ 1882 సంగతి యాడ చూసినావని అడిగింది. నోట్‌బుక్ తెరిచి పేజీ నంబర్ చూపించినా.