దేశాల ప్రభుత్వాలను పోల్చి చదవడం ఎలా? నల్లగొండ నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇది: డిగ్రీలో తులనాత్మక ప్రభుత్వాల పేపరు ఉంది. రాజ్యం, ప్రభుత్వం, పాలనా వ్యవస్థ అనే మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. బ్రిటన్, అమెరికా, స్విట్జర్లాండు పట్టికలు బట్టీ పట్టడం తప్ప వేరే దారి లేదా?

ఉంది. నల్లగొండలోనూ, కొన్నాళ్లు మహబూబ్‌నగర్‌లోనూ తెలుగు మాధ్యమం పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. మొదట్లో నేనూ పట్టికలే రాయించాను. పిల్లలకు మార్కులు వచ్చాయి, వేసవి సెలవులు గడిచేసరికి చదివింది పోయింది. నా పాఠం మారింది మా నాయనమ్మ వల్ల.

ఆమె దేవరకొండ వైపు ఒక పల్లెలో పుట్టి, పక్క ఊళ్లో కాపురం చేసి, అక్కడే కన్నుమూసింది. ఆ రెండు ఊళ్ల మధ్యే బతికిన మనిషి నిజాం పాలన చూసింది. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చాక మిలిటరీ గవర్నర్ పాలన చూసింది. ఆ తరువాత నియమించిన ముఖ్యమంత్రిని, 1952 ఎన్నికలతో వచ్చిన బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వాన్ని, 1956లో ఆంధ్రప్రదేశ్‌ను, 2014లో తెలంగాణను చూసింది. ఒకసారి ఆమెను అడిగాను, "నాయనమ్మా, ఇన్ని మారాయి కదా, నీకు ఎప్పుడు తేడా తెలిసింది?" అని. ఆమె చెప్పిన జవాబు నేను ఊహించినది కాదు. నిజాం పోయినా ఊళ్లో పట్వారీ పోలేదట. పహాణీ, అంటే భూమి రికార్డు, అతని చేతిలోనే ఉంది, భూమి ఎవరిదో అతను రాసిందే రాత. పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది 1980లలో. ఆమెకు పెద్ద మార్పు అదే.

మీరు కలగలిపేసుకుంటున్న మూడు మాటలూ ఇక్కడ విడివిడిగా కనిపిస్తాయి. 1983లో తెలుగుదేశం గెలిచినప్పుడు మారింది ప్రభుత్వం మాత్రమే, అంటే కుర్చీలో కూర్చున్నవాళ్లు. నిజాం పాలన నుంచి 1952 ఎన్నికల దాకా సాగినది పాలనా వ్యవస్థలో మార్పు. ఎవరు పాలించాలో తేల్చే పద్ధతే అప్పుడు మారింది. పన్ను వసూలు చేసి, రికార్డు రాసి, పోలీసును పంపే యంత్రాంగం మాత్రం ఈ రెండింటి కిందా చాలా వరకు అలాగే కొనసాగింది. రాజ్యం అనే మాటలో సార్వభౌమాధికారంతో పాటు ఆ యంత్రాంగం కూడా ఉంది. ఏ దేశం గురించి చదివినా ముందు అడగవలసింది, అక్కడ మారినది ఈ మూడింటిలో ఏది అని.

లెజిటిమసీ అనే మాటకు కొన్ని పుస్తకాల్లో 'చట్టబద్ధత' అని ఉంటుంది. ఆ అనువాదం నాకు నచ్చదు, అది పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది. నేను 'ఆమోదం' అని చెబుతాను. 1946 తరువాత నల్లగొండ పల్లెల్లో నిజాం చట్టం అమలులోనే ఉంది, కోర్టులూ ఉన్నాయి. అయినా ఎన్నో ఊళ్లు ఆ మాట వినడం మానేసి, గ్రామ కమిటీలు పెట్టుకుని భూములు పంచుకున్నాయి. చట్టం ఉంది, ఆమోదం లేదు. 1951లో కమ్యూనిస్టులు ఆ సాయుధ పోరాటాన్ని విరమించారు. కొద్ది నెలలకే జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నల్లగొండ ప్రజలు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసి లోక్‌సభకు పంపారు. పాత వ్యవస్థను ఒప్పుకోని ఊళ్లే ఓటు పెట్టె ముందు వరుస కట్టాయి. ఆమోదం ఒక వ్యవస్థను విడిచి మరొక వ్యవస్థ వైపు నడవడం అంటే అదే.

పార్లమెంటరీ, అధ్యక్ష విధానాల తేడాకు వాషింగ్టన్ దాకా వెళ్లనక్కరలేదు. మీ సర్పంచును ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టి సర్పంచును దించలేరు. మండల పరిషత్తు అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఎంపీటీసీ సభ్యులు, అవిశ్వాసంతో దించగలిగేదీ వాళ్లే. మొదటిది అధ్యక్ష విధానానికి, రెండోది పార్లమెంటరీ విధానానికి దగ్గర. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చూడండి. సర్పంచు మీద కలెక్టరు చర్య తీసుకోగలరు, అమెరికా అధ్యక్షుడి పైన అలాంటి అధికారి ఎవరూ లేరు. పార్లమెంటరీ దేశాలన్నీ ఒకటే అనుకోవడమూ పొరపాటే. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. బదులు ప్రభుత్వం కుదరక దేశం మళ్లీ ఎన్నికలకు వెళ్లింది. జర్మనీలో అవిశ్వాసం నెగ్గాలంటే వారసుణ్ణి కూడా అదే ఓటుతో ఎన్నుకోవాలి. 1982లో చాన్సలర్ (అక్కడి ప్రధాని) ష్మిట్‌ను దించి కోల్‌ను ఎన్నుకున్నది అలాగే.

ఎన్నికల విధానానికి 1996 నల్లగొండ లోక్‌సభ ఎన్నికను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోతున్న ఊళ్ల గోడు దేశానికి వినిపించాలని వందలాది మంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. మర్రిగూడ వైపు మా బంధువుల ఇంట్లో కాళ్లు వంకర తిరిగిన పిల్లవాణ్ణి చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ 480 అంకె నాకు గణాంకంగా కనిపించదు. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే మన విధానంలో ఆ అభ్యర్థులకు దక్కినది ప్రచారం. నెదర్లాండ్స్‌లో దేశమంతా ఒకే లెక్క, 150 సీట్లు, ఓట్ల శాతాన్ని బట్టి పంపకం. జంతువుల సంక్షేమం కోసం పెట్టిన ఒక చిన్న పార్టీ 2006 నుంచి అక్కడి పార్లమెంటులో ఉంది. ఒక బాధ, ఒక సమస్య సభలోకి అడుగుపెట్టగలదా లేదా అన్నది ఓట్లు లెక్కపెట్టే పద్ధతి మీద ఇంతగా ఆధారపడుతుంది. మన దగ్గర 1996లోనే లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. గోడు వినిపించే ఆ దారి అలా ఇరుకైందన్నది నా అభిప్రాయం.

ఇక సమాఖ్య సంగతి, అంటే కేంద్రం, రాష్ట్రాలు అధికారాన్ని పంచుకునే వ్యవస్థ. 2014 ఫిబ్రవరిలో తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మనది సమాఖ్య అన్నారు. అసెంబ్లీ బిల్లు వద్దని తిప్పికొట్టింది కదా, మరి రాష్ట్రం ఎలా వస్తుంది?" ఆ రోజు నేను తడబడ్డాను. ఇంటికి వెళ్లి రాజ్యాంగాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. మన మూడో అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, దానికి పార్లమెంటు కట్టుబడనక్కరలేదు. అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి మరొకటి పుట్టాలంటే పాత రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి. 1820లో మెయిన్ విడిపోయింది మసాచుసెట్స్ సమ్మతితోనే. స్విట్జర్లాండులో బెర్న్ కాంటన్ (అక్కడ రాష్ట్రాన్ని కాంటన్ అంటారు) నుంచి ఫ్రెంచి మాట్లాడే జూరా ప్రాంతం వేరుపడాలని కోరినప్పుడు 1974లో ఆ ప్రాంతాన్నే ఓటు అడిగారు. దక్షిణ జిల్లాలు బెర్న్‌తోనే ఉంటామన్నాయి, ఉంటామన్నవాళ్లను ఉండనిచ్చారు. 1978లో దేశమంతా ఓటు వేసి ఒప్పుకుంది. 1979 జనవరి 1న జూరా కాంటన్ ఏర్పడింది.

మూడు దేశాలూ సమాఖ్యలే. ఒకచోట మాట పార్లమెంటుది, ఒకచోట పాత రాష్ట్రానికి అడ్డుకునే హక్కు ఉంది, ఒకచోట ప్రజలదే ఓటు. అమెరికా నిబంధన మనకు ఉండి ఉంటే తెలంగాణ వచ్చేది కాదు. అందుకు మన రాజ్యాంగానికి నేను రుణపడి ఉన్నాను. అదే అధికరణతో 2019లో జమ్మూ కశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చగలిగారన్నదీ అదే తరగతిలో చెబుతాను. ఒకటి చెప్పి రెండోది దాస్తే అది పోలిక కాదు.

కాబట్టి మీ పట్టికలో 'సమాఖ్య: అవును, కాదు' అనే గడి కొట్టేసి, 'సరిహద్దు మార్చాలంటే ఎవరిని అడగాలి?' అని రాయండి. 'పార్లమెంటరీ' అనే గడిలో 'దించేది ఎవరు, దించితే తరువాత ఏమిటి?' అని రాయండి. స్విట్జర్లాండు ప్రశ్న వస్తే జూరా గురించి రాసి, పక్కనే తెలంగాణను పెట్టండి. నేను దిద్దే జవాబు పత్రాల్లో ఆ రెండు పేర్లు కలిపి రాసినవాళ్లు ఇప్పటిదాకా ముగ్గురే. వాళ్లలో ఒకరు, ఆ రోజు లేచి ప్రశ్న అడిగిన అమ్మాయి.